గంప ఒకటి, షామియానా బాకీ ఒకటి: మా ఊరి అడవి నాటకంతో నా అనుభవం

శివరాత్రి జాగరణ అయి నాలుగు రోజులైంది. నా గొంతు ఇంకా సరిగ్గా రాలేదు. సౌండ్ సిస్టం అబ్బాయి మాత్రం రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి "అన్నా, బ్యాలెన్స్" అంటున్నాడు. ఈ వేడి మీదే రాసేస్తే మంచిది. చల్లారాక రాస్తే నన్ను నేనే హీరోని చేసుకుంటానని నాకు తెలుసు, ఆ అలవాటు నాకుందని ఊరంతటి ముందు రుజువైంది కూడా.

మాది కడప జిల్లా, సిద్ధవటం నుంచి బద్వేలు పోయే దారిలో కాస్త లోపలికి, లంకమల కొండల కింద ఒక ఊరు. నేను కడపలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వచ్చి పోతుంటాను. మా ఊళ్లో యాభై దాటిన వాళ్లను ఎవరిని కదిలించినా ఒక అడవి కథ రాలుతుంది. ఎలుగ్గొడ్డు ఎదురైంది, చిరుత మేకను ఎత్తుకుపోయింది, తోడేలు మంద చుట్టూ తెల్లవార్లూ తిరిగింది, ఎర్రచందనం దుంగలు మోసేవాళ్లు రాత్రి వచ్చి నీళ్లడిగారు. ఏటా జాగరణ రాత్రి తెర కట్టి సినిమాలు వేస్తారు, రెండో సినిమాకే సగం ఊరు గురక పెడుతుంది. ఈసారి మన కథలు మనమే ఆడదాం అన్నాను. 1885లో సురభి నాటక సమాజం పుట్టింది మన జిల్లాలోనే అని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. అంతే, "అయితే నువ్వే చెయ్యి నాయనా" అని మొత్తం నా నెత్తిన పెట్టారు.

కథలు పోగు చేయడం తేలిక. రెండు ఆదివారాల్లో పదకొండు ఇళ్లు తిరిగి ఫోన్‌లో రికార్డు చేసుకున్నా. నటులు దొరకడం ఇంకా తేలిక, పనీపాటా లేనివాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. రిహార్సల్స్ బడి వరండాలో. చందాలు కూడా పర్వాలేదు. కాంట్రాక్టులు చేసే ఒక మామ షామియానా, సౌండ్ ఖర్చు పదివేలు తనదే అన్నాడు, ఐదువేలు అప్పటికప్పుడు చేతిలో పెట్టాడు. ఆ మామ గురించి మళ్లీ వస్తాను.

అనుమతి కోసం తిరిగిన ఆఫీసు ఏదో రాయను. నాలుగుసార్లు తిప్పారు. మొదటిసారి సారు లేడు, రెండోసారి సారున్నాడు కానీ కాగితం లేదు, మూడోసారి రెండూ ఉన్నాయి కానీ నాటకం మొత్తం టైపు చేయించి తెమ్మన్నారు. తెచ్చాక ఆయన పేజీలు తిరగేసి అడిగాడు.

"ఇందులో జంతువులు ఉన్నాయా?"

"ఉన్నాయి సార్, ఎలుగుబంటి."

"ఫారెస్టు వాళ్ల పర్మిషన్ ఉందా దానికి?"

"సార్, అది మా మేనమామ కొడుకు. గోనెసంచి కప్పుకుంటాడు."

ఆయన నవ్వలేదు. "అదే రాసివ్వండి" అన్నాడు. నిజంగానే తెల్లకాగితం మీద "ఈ నాటకములోని ఎలుగుబంటి మనిషియే అని ధ్రువీకరించడమైనది" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ కాగితం జిరాక్స్ దాచుకున్నా, ఫ్రేము కట్టిస్తా.

మైకు దగ్గర మాత్రం నా తెలివి నాకే ఎదురు తిరిగింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా పన్నెండు దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది. ఈ రెండో ముక్క నేను ఎత్తగానే "రూల్స్ మాకు చెప్తావా?" అని ఆయన ముఖం ఎర్రబడింది, "పది వరకు మాత్రమే" అని రాసి ముద్ర కొట్టాడు. కాబట్టి మీరు ఏ ఆఫీసుకు పోయినా రూల్ తెలుసుకొని పోండి, కానీ తెలిసినట్టు కనపడొద్దు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి, లేకపోతే మీరు రానేలేదంటారు.

ఇప్పుడు అసలు సంగతి.

పండగకు పది రోజుల ముందు ఒక ఆదివారం సాయంత్రం చావిడి దగ్గర ఊరందరి ముందు ఒకసారి ఆడి చూద్దామన్నాను. ఆ ఆలోచన నాదే, ఎవరూ అడగలేదు. చప్పట్లు కాస్త ముందుగానే కావాలనిపించింది. కాలేజీలో మూడేళ్లు వరసగా ఉత్తమ నటుణ్ని నేను, ఆ కప్పులు ఇంకా మా ఇంట్లో టీవీ పక్కనే ఉన్నాయి.

నాటకానికి ప్రాణం అనుకున్న సీను మా వీధి చివర జేజిది, అంటే అవ్వది. పద్నాలుగేళ్లకు కాపురానికొచ్చిన పిల్ల, కలివి పండ్లకని అడవికి పోతే పిల్లతో ఉన్న ఎలుగ్గొడ్డు ఎదురైంది. నా స్క్రిప్టులో ఆ పిల్ల కొడవలి ఎత్తి "సీమ ఆడబిడ్డనే, రా చూసుకుందాం!" అని గర్జిస్తుంది, ఎలుగ్గొడ్డు తోక ముడుస్తుంది. చీర కట్టుకొని ఆ వేషం వేసింది నా స్నేహితుడే. వాడు కొడవలి ఎత్తగానే కుర్రాళ్ల ఈలలు. నాకు ఒళ్లు పులకరించింది.

ముందు వరుసలో కూర్చున్న జేజి కట్టె పట్టుకొని లేచింది.

"అబ్బీ, ఆపు. కొడవలి ఎత్తిందెవురు?"

"నువ్వే కదా జేజీ."

"నాకు కొడవలి యాడిది? నా చేతిలో ఉండింది గంప. కాలు కదల్లేక చీరలోనే పోసుకుంటి. అది నన్ను చూసె, ముక్కు ఎగబీల్చె, పిల్లను వీపునేసుకోని దాని దోవన అది పాయె. గంప ఆడనే పారేసి ఇంటికొస్తి. గంప ఏదే అని మా అత్త చీపురుకట్ట తిరగేసి కొట్టె, నెల దినాలు ఎల్లకిల పండుకోలేకపోతి. అది యాడ పెట్టినావు నీ నాటకంలో?"

"టైం సరిపోక తీసేశాం జేజీ" అన్నాను. అబద్ధమని నా గొంతులోనే తెలిసిపోయింది.

జేజి తల తిప్పి కుర్చీలో కూర్చున్న కాంట్రాక్టరు మామ వైపు చూసింది. "టైమా? షామియానాకు దుడ్లిచ్చినోడు మా అత్త మనవడనా?"

ఈలలు వేసినవాళ్లందరూ గమ్మునైపోయారు. ఎక్కడో లేగదూడ ఒకటి అరుస్తోంది, అంతే. నిజం చెప్పాలంటే ఆ మామ నన్ను ఆ దెబ్బల సంగతి తీసెయ్యమని ఒక్క మాట అనలేదు. అసలు ఆయనకు తెలియదు. ఐదువేలు జేబులో పెట్టుకొని ఇంటికొచ్చి, రాత్రి రాస్తూ రాస్తూ నేనే భయపడి కొట్టేశాను. అడక్కుండానే దాసోహం అనడమంటే ఇదే. ఆ దెబ్బలు కొట్టేసిన చోట ఖాళీ ఉండకూడదని కొడవలి పెట్టాను.

మామ లేచి "చచ్చిపోయిన మా జేజిని బజారుకీడ్చడానికా నేను డబ్బులిచ్చింది?" అని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. అంటే చెప్పినందుకు ఆయనకు కోపం, చెప్పనందుకు ఆమెకు కోపం, ఇద్దరికీ దొరికింది నేనే. జేజి మా అమ్మ పక్కగా పోతూ నిదానంగా అంది: "నీ కొడుకు బాగా చదువుకున్నాడు మే." మా అమ్మ ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది కానీ ఇంకొంచెం వేసుకో అనలేదు.

మర్నాడు ఉద్యోగానికి సెలవు పెట్టి జేజి ఇంటికి పోయాను. వేరుశనక్కాయలు ఒలుస్తోంది, తల ఎత్తలేదు. గంట నిలబడి వచ్చేశాను. రెండో రోజు నేనూ కూర్చొని ఒలిచాను, గోళ్లు పగిలాయి, మాట లేదు. సారీ అని రెండుసార్లు అన్నా, ఆమె చాటలో రాళ్లు ఏరుకుంటూ ఉండిపోయింది. మూడో రోజు నేను వలిచిన గుల్లల్లో సగం గింజలు చితికిపోయాయని తిట్టి, ఆ తిట్టులోంచే కథలోకి వచ్చింది.

ఆ గంప ఆమె తల్లి పెండ్లికి అల్లించి ఇచ్చిందట. అత్త కొట్టడంతో అయిపోలేదు. మర్నాడు తెల్లవారుజామున "పోయి తీసుకురా" అని ఒక్కదాన్నే పంపింది. "ఎలుగ్గొడ్డు ఎదురైన దినం భయపడే దానికి టైమే లేకపాయె అబ్బీ. గంప కోసం పోయిన దినం అడుగడుక్కీ భయమే. గాలికి ఆకు రాలినా అదే అనుకుంటి." గంప పడేసిన చోటే ఉంది. పండ్లు చీమలు పట్టాయి. ఆమె చీమలు దులిపి, మళ్లీ పండ్లు కోసి నింపుకొని ఇంటికి వచ్చింది. ఉత్త గంపతో పోతే ఇంకోసారి కొడుతుందని.

నేను రికార్డు చేసిన కథలో ఈ ముక్క అసలు లేదు. ముప్పై నిమిషాల రికార్డింగ్‌లో మధ్యలో నేను ఏడుసార్లు "సూపర్ జేజీ" అన్నాను, తర్వాత విని లెక్కపెట్టుకున్నా, అది వింటుంటే ఎవరికైనా చెప్పబుద్ధి పుడుతుందా? ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే మొదటి రోజు ఫోన్ బయటికి తీయకండి. చేతికి ఏదో ఒక పని తీసుకోండి, శనక్కాయలైనా సరే. ఇంకోటి, డబ్బు తీసుకునేది స్క్రిప్టు పూర్తయ్యాకే.

జేజి షరతు పెట్టింది. మగోడు చీర కట్టి ఆమె వేషం వేయకూడదు. ఆమే కూర్చొని చెప్తుంది, ఇంటర్ చదివే మనవరాలు గంపతో నడుస్తుంది. "గంప మాది ఇస్తా, నీ ప్లాస్టిక్ గంప నాకొద్దు."

కలివికోడి సీను కూడా ఆ వారంలోనే మారిపోయింది. నేను తెల్లచీర డాన్సు ఒకటి పెట్టి ఉన్నా, పక్షి వేషంలో. ఆ పక్షి సంగతి మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు. జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848 ప్రాంతంలో మొదట కనిపెట్టాడు, 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిందనుకున్నారు, 1986 జనవరిలో ఇక్కడి మనిషి ఒకరు రాత్రి టార్చి వెలుగులో పట్టుకుంటే ప్రపంచానికి మళ్లీ తెలిసింది. పట్టిన ఆ పక్షి బతకలేదు. తర్వాత రెండేళ్లకు లంకమల అభయారణ్యం వచ్చింది. ఇదంతా డైలాగుల్లో దంచాను. గొర్రెల కాపరి పెదనాయన ఒకాయన విని, "పొదల మధ్యన మన్ను మెత్తగా చదును చేసి, తెల్లారి దాని అడుగులు పడినాయా అని పక్షిని ఎతకనొచ్చిన సార్లు వంగి వంగి చూసేటోళ్లు. మీ డాన్సు పాప అడుగులు ఎవురికి కావాలప్పా?" అన్నాడు. ఆయన పక్షిని చూడలేదట, మాపటేళ దాని కూత మాత్రం విన్నానని రెండు ముక్కలుగా నోటితో కూసి చూపించాడు. జేజి దెబ్బ తిని ఉన్నా కదా, ఈసారి వాదించలేదు. డాన్సు తీసేశాం.

శివరాత్రి రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాం. మొదటి సీన్లు మామూలుగా నడిచాయి. ఎలుగ్గొడ్డు రాగానే మాత్రం మా వీధి కుక్క ఒకటి నిజమనుకొని గోనెసంచి పట్టుకు లాగింది. మేనమామ కొడుకు "ఛీ పోయే!" అని మనిషి గొంతుతో అరిచాడు, నేను సంతకం పెట్టిచ్చిన ధ్రువీకరణ అక్కడ నిజమైంది.

పదికి మైకు కట్టేశాం. జనం లేచిపోతారని నాకు టెన్షన్. లేచారు, కానీ చాపలు ఎత్తుకొని ముందుకు జరిగారు, వినపడదని. జేజి మంచం మీద కూర్చొని మామూలు గొంతుతో చెప్పింది. మనవరాలు గంప పట్టుకొని జనం మధ్యలోంచే పోయింది. మర్నాటి దారి వచ్చేసరికి ఆ పిల్ల అడుగు తీసి అడుగు వేస్తుంటే చంటిపిల్లలు కూడా కిక్కురుమనలేదు. అత్త చీపురుకట్ట సంగతి వచ్చినప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో "మాయత్త పచ్చికట్టెతో" అన్నారు. నవ్వులు. తర్వాత ఇంకొకామె. నా నాటకం ఓ పావుగంట సేపు వాళ్ల చేతుల్లోకి పోయింది. ఆపుదామా అనుకొని ఊరుకున్నా, ఆ నెలంతటిలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

చివరికి లైట్లన్నీ తీసేయించాం. చీకట్లో, అందరి వెనకనుంచి, గొర్రెల పెదనాయన ఆ రెండు ముక్కల కూత కూశాడు. ఆగాడు. మళ్లీ కూశాడు. జనం వెనక్కి తిరిగి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. మైకు ఉండి ఉంటే బాక్సులోంచి వచ్చేది ఆ కూత. ఆ ఆఫీసు సారుకు నేను ఈ జన్మలో థ్యాంక్స్ చెప్పను, కానీ.

కాంట్రాక్టరు మామ వచ్చాడు. కూర్చోలేదు, చింతచెట్టు దగ్గర బండి మీదే ఉండి చూసి, జేజి కథ అయిపోగానే లైటు వేసుకొని వెళ్లిపోయాడు. మిగతా ఐదువేలు అడిగే ముఖం నాకు లేదు. వచ్చే జీతంలో సౌండ్ అబ్బాయికి సగం ఇస్తానన్నా, వాడు ఒప్పుకోలేదు, ఇది రాస్తుండగానే మళ్లీ మోగింది ఫోన్.

గంప ఇంకా మా ఇంట్లోనే ఉండిపోయింది. జేజి మనవరాలితో రెండుసార్లు కబురు పంపింది. ఈ సాయంత్రం ఎట్లాగైనా తీసుకెళ్లి ఇవ్వాలి, ఉత్త గంప ఇవ్వకూడదని మా అమ్మ అందులో శనక్కాయలు పోస్తోంది.