కొత్త లేత్: బెడ్‌లో మెలి తీసిన అనుభవం

రాజ్‌కోట్ నుంచి లారీలో వచ్చిన నాలుగున్నర అడుగుల లేత్ ఇది, ఇనుప ముక్కను తిప్పుతూ కోసే మిషన్. సెంటర్ ఎత్తు (బెడ్ నుంచి ముక్క తిరిగే అక్షానికి) 165 మి.మీ., కోన్ పుల్లీ (బెల్టు మార్చి వేగం మార్చే మెట్ల చక్రం), 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. మొత్తం బరువు దాదాపు 550 కిలోలు, కింద రెండు పోత ఇనుప కాళ్లు. పెట్టింది ఇంటి పక్క రేకుల షెడ్డులో. నేల తయారీకి నెలన్నర పట్టింది, మిషన్ కూర్చోబెట్టడానికి రెండు వారాలు.

లేత్ బెడ్ (మిగతా భాగాలు కూర్చునే పొడవాటి ఇనుప దిమ్మ) మట్టంగా ఉండటం వేరు, మెలి లేకుండా ఉండటం వేరు. ఓడల మీది వర్క్‌షాపుల్లోనూ లేత్‌లు నడుస్తాయి. ఓడ ఒరిగిందని జాబ్ (కోసే ముక్క) టేపర్ రాదు, అంటే ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా రాదు. టేపర్ వచ్చేది హెడ్ స్టాక్ (జాబ్ను తిప్పే కొస) దగ్గర బెడ్ ఒక వాలులో, టెయిల్ స్టాక్ (అవతలి కొసన జాబ్‌కు ఆసరా ఇచ్చే భాగం) దగ్గర ఇంకో వాలులో ఉన్నప్పుడు. తడిబట్ట పిండినట్టు బెడ్ మెలి తిరిగితే, దాని మీద నడిచే టూలు చక్ (హెడ్ స్టాక్‌కు ఉండి జాబ్‌ను బిగించి పట్టే దవడలు) దగ్గర ఒక లోతులో, అవతలి కొసన మరో లోతులో కోస్తుంది. రసమట్టం పెట్టి బుడగ మధ్యకు వచ్చిందని తృప్తి పడితే ఈ మెలి కనపడదు. మేస్త్రీ రసమట్టంలో మీటరుకు అర మిల్లీమీటరు తేడా పట్టుకోవడమే కష్టం, మనం వెతికేది దానిలో ఇరవై అయిదో వంతు.

షెడ్డులో ముందు నాపరాళ్లు ఉండేవి. రాయి కింద ఇసుక, సున్నం పలచగా ఉండి అక్కడక్కడా డొల్లగా ఉంటుంది. వేలి కణుపుతో కొడితే చప్పుడే చెబుతుంది. పైగా మాది నల్లరేగడి నేల: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దీని మీద మిషన్ కాళ్లను విడివిడిగా నిలబెడితే ఒక్కో కాలు ఒక్కో దారిన పోతుంది. అందుకే రాళ్లు తీయించి, అడుగున్నర లోతు నల్లమట్టి ఎత్తించి, గ్రావెల్ పోయించి, ఆరంగుళాలకు ఒక పొర చొప్పున తడిపి దిమ్మిస కొట్టించాను. దాని మీద 2.4 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు, 200 మి.మీ. మందం ఉన్న ఒకే కాంక్రీటు పలక. 10 మి.మీ. చువ్వలు 150 మి.మీ. దూరంలో జాలీగా కట్టాం. పాళ్లు 1:1.5:3, సిమెంటు 5 బస్తాలు పట్టింది. గోడకు, పలకకు మధ్య అంగుళం సందు వదిలి థర్మాకోల్ పెట్టాం. 14 రోజులు నీళ్లు కట్టి, 28 రోజులు నిండేదాకా మిషన్ ఎక్కించలేదు. నేల కదిలితే పలక మొత్తం ఒక ముక్కగా ఒరగాలి. ఒరిగితే నష్టం లేదు, వంగితేనే నష్టం.

కాళ్లకు జాకింగ్ స్క్రూలు (తిప్పితే మిషన్ మూలను ఎత్తే మరలు) లేవు, నాలుగు బోల్టు రంధ్రాలే ఉన్నాయి. రేకు ముక్కలు దోపి సరిచేయవచ్చు గానీ, అది ప్రతిసారీ మిషన్ ఎత్తి దించే పని. కాళ్లు విప్పి ఆటోనగర్‌లో రేడియల్ డ్రిల్లు మీద ప్రతి బోల్టు రంధ్రం పక్కన 14.5 మి.మీ. రంధ్రం వేయించి, ఎం16 × 1.5 ట్యాప్ కొట్టించాను, అంటే 16 మి.మీ. స్క్రూకు సరిపడే మరలు కోయించాను. మామూలు ఎం16కు పిచ్ (ఒక చుట్టుకు స్క్రూ కదిలే దూరం) 2 మి.మీ., సన్న పళ్లదానికి 1.5. దీని విలువ తర్వాత తెలుస్తుంది. 200 మి.మీ. స్పానర్ కొస 5 మి.మీ. కదిపితే కాలు లేచేది 0.006 మి.మీ. మాత్రమే. ప్రతి స్క్రూ కింద 100 × 100 × 20 మి.మీ. ఇనుప ప్లేటు ఉంచాను. లేకపోతే స్క్రూ మొన కాంక్రీటును నలిపేసుకుంటూ దిగుతుంది, ఇవాళ్టి రీడింగ్ రేపు ఉండదు.

దించేటప్పుడు క్యారేజ్‌ను (టూలును మోస్తూ బెడ్ మీద నడిచే భాగం) టెయిల్ స్టాక్ వైపుకు జరిపి బిగించాలి, ఎందుకంటే బరువంతా హెడ్ స్టాక్ వైపే ఉంటుంది. ఎత్తే బెల్టు లీడ్ స్క్రూను (బెడ్ పక్కన ఉండే పొడవాటి మర) ఒత్తకుండా మధ్యలో చెక్క దిమ్మ పెట్టాలి. 1 టన్ను చైన్ బ్లాక్‌తో ముందు రెండంగుళాలు లేపి, ఎటు వాలుతుందో చూసి బెల్టు జరిపి, అప్పుడు పైకెత్తాం. తుప్పు పట్టకుండా పూసిన గ్రీజును కిరోసిన్, బ్రష్‌తోనే కడిగాను. బెడ్ మీద గరుకు కాగితం ఆనించకూడదు. తుడిచిన వెంటనే వీజీ 68 స్లైడ్ వే ఆయిల్ పూయకపోతే మన కోస్తా గాలికి తెల్లారేసరికి ఎర్రటి మచ్చలు వస్తాయి.

నేల బోల్టులకు ఎం12 కెమికల్ యాంకర్లు (రంధ్రంలో జిగురుతో పట్టే 12 మి.మీ. బోల్టులు) వాడాను. కాళ్లు అనుకున్న చోట నిలిచాక, వాటి రంధ్రాల్లోంచే 14 మి.మీ. బిట్టుతో 110 మి.మీ. లోతు వేశాను. దుమ్మును ఊది, బ్రష్ తిప్పి, మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలితే జిగురు దాన్నే పట్టుకుంటుంది, రంధ్రం గోడను పట్టదు. ఇంత చిన్న మిషన్‌కు నేల బోల్టు ఎందుకని చాలామంది వదిలేస్తారు. స్క్రూ తిప్పి ఒక మూల లేపితే, బోల్టు లేని లేత్ మూడు మూలల మీద నిలబడి నాలుగోది గాలిలో తేలుతుంది. మెలి అలాగే ఉంటుంది. బెడ్ కదలాలంటే మిగతా మూలలను కిందికి పట్టి ఉంచేది ఒకటి కావాలి. మిషన్ బరువు ఒక్కటే అందుకు చాలదు.

ఇక లెవెల్. బుడగ ఒక గీత జరిగితే మీటరుకు 0.02 మి.మీ. వాలు చూపే, 200 మి.మీ. అడుగున్న ప్రెసిషన్ లెవెల్ అరువు తెచ్చుకున్నాను. పొడవు దిశలో మీటరుకు 0.1 మి.మీ. లోపు వస్తే వదిలేశాను. అంతకన్నా అవసరం లేదు. అడ్డంగా చూసేదే అసలు పని. కాంపౌండ్ (టూలు కూర్చునే పై భాగం) విప్పి, లెవెల్‌ను క్రాస్ స్లైడ్ (క్యారేజ్ మీద అడ్డంగా జరిగే భాగం) మీద బెడ్‌కు అడ్డంగా పెట్టి, క్యారేజ్‌ను హెడ్ స్టాక్ దగ్గర ఒకసారి, టెయిల్ స్టాక్ దగ్గర ఒకసారి ఆపి చదవాలి. లెవెల్‌ను తిప్పకుండా అదే వైపు ఉంచితే, దానిలో సొంత తప్పు ఏదైనా ఉన్నా రెండు చోట్లా ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. మనకు కావలసింది ఆ రెండు రీడింగుల తేడాయే.

బుడగను చదవడానికి ఓపిక కావాలి. లెవెల్ పెట్టి చెయ్యి తీసి, కనీసం ఒక నిమిషం ఆగాలి. గాజు గొట్టం దగ్గర అరచెయ్యి ఉంచినా చాలు, బుడగ పొడవు మారుతుంది. పడమటి కిటికీలోంచి ఎండ బెడ్ మీద పడిన మధ్యాహ్నం, నేనేమీ ముట్టుకోకుండానే రీడింగ్ 3 గీతలు జరిగింది. అప్పటి నుంచి ఉదయం 6 నుంచి 8 లోపే, ఫ్యాను ఆపి, ఈ పని చేశాను.

మొదటి రోజు హెడ్ స్టాక్ దగ్గర బుడగ ముందు వైపుకు 2 గీతలు, టెయిల్ స్టాక్ దగ్గర వెనక్కి 7 గీతలు చూపింది. తేడా 9 గీతలు, అంటే మీటరుకు 0.18 మి.మీ. ముందు, వెనక బోల్టుల మధ్య దూరం 300 మి.మీ. కనుక టెయిల్ స్టాక్ వైపు ముందు మూలను 0.054 మి.మీ. లేపాలి. లెక్క ప్రకారం స్పానర్ కొస 45 మి.మీ. తిరగాలి. నిజానికి 60 పట్టింది, కొంత కాలి సాగుడులోనే పోయింది. స్క్రూ తిప్పే ముందు ఆ మూల నేల బోల్టును వదులు చేసి, తర్వాత నాలుగు బోల్టులనూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. బోల్టు బిగిస్తే ఒకటి రెండు గీతలు పోతాయి, స్క్రూ లాక్ నట్ బిగిస్తే ఇంకొకటి. బిగించాక వచ్చిన రీడింగే లెక్క. నాలుగు రోజుల్లో తేడా 1 గీతకు వచ్చింది.

నడిపే ముందు రెండు జాగ్రత్తలు. ఈ లేత్ స్పిండిల్ (హెడ్ స్టాక్‌లో తిరిగే ఇరుసు) మూతికి చక్ మరలతో ఎక్కుతుంది, మోటారు ఉల్టా తిరిగితే చక్ విడిపోయి బయటకు రావచ్చు. తిరిగే దిశను చక్ లేకుండానే చూసుకోవాలి. రెండోది, మోటారుకు మామూలు స్విచ్ కాకుండా స్టార్టర్ పెట్టాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు లేత్ తనంతట తాను తిరగకూడదు. ఎర్తింగ్ సంగతి చెప్పక్కర్లేదు.

చివరి తీర్పు కోతదే. 40 మి.మీ. ఈఎన్8 (ఒక రకం ఉక్కు) రాడ్డును చక్‌లో 200 మి.మీ. బయటకు పట్టి, టెయిల్ స్టాక్ ఆసరా లేకుండా, 150 మి.మీ. దూరంలో 15 మి.మీ. వెడల్పు కాలర్లు (లావు పట్టీలు) రెండు వదిలి మధ్య భాగం తగ్గించాను. ఆ రెండింటి వ్యాసాల తేడాయే టేపర్. 200 ఆర్‌పీఎం, అతి తక్కువ ఫీడు, లోతు 0.05 మి.మీ. రెండు కాలర్లనూ ఒకే సెట్టింగులో కోయాలి, మధ్యలో క్రాస్ స్లైడ్ ముట్టుకోకూడదు. నా మొదటి ప్రయత్నంలో అవతలి కాలర్ 0.03 మి.మీ. లావుగా వచ్చింది. తప్పు బెడ్‌ది కాదు, మొద్దు టూలుది. టూలు కోయకుండా నెడితే రాడ్డు కొస వెనక్కి వంగుతుంది, అక్కడ తక్కువ తెగుతుంది. దాన్ని చూసి స్క్రూ తిప్పి ఉంటే సరిగ్గా ఉన్న బెడ్‌ను నేనే మెలి పెట్టేవాణ్ని. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలును ఆయిల్ స్టోన్ మీద పదును పెట్టి మళ్లీ కోస్తే తేడా 0.010 మి.మీ.

అవతలి కాలర్ లావుగా ఉంటే టెయిల్ స్టాక్ వైపు ముందు మూల లేపాలి. అప్పుడు టూలు మొన జాబ్ వైపుకు వాలుతుంది. సన్నగా ఉంటే వెనక మూల. కాళ్ల మధ్య 1000 మి.మీ. కనుక, మూలను 0.1 మి.మీ. లేపితే 150 మి.మీ.కు వ్యాసంలో సుమారు 0.016 మారుతుంది. నా 0.010 తేడా పోవాలంటే మూల 0.06 లేవాలి, అంటే స్పానర్ కొస 50 మి.మీ. ముందు 25 మాత్రమే తిప్పి ఒక రోజు వదిలాను: కాలర్ల తేడా 0.006. మరో 15: 0.004. అక్కడ ఆపాను. ఇప్పుడు లెవెల్ పెడితే కొన్ని గీతల తేడా చూపుతుంది. లెవెల్‌కు తెలిసింది బెడ్ ఒక్కటే, కాలర్‌కు హెడ్ స్టాక్ కూర్చున్న తీరు కూడా తెలుసు. అయితే ఇలా సర్దడానికి హద్దుంది. బెడ్ మెలి తీశాక కూడా కాలర్ల తేడా 0.03 దాటితే, దాన్ని స్క్రూలతో కప్పిపుచ్చవద్దు. హెడ్ స్టాక్ సరిచేసి ఇమ్మని తయారీదారునే అడగాలి.

టెయిల్ స్టాక్‌ను ఆ తర్వాతే ముట్టుకున్నాను. సెంటర్ల (రెండు వైపులా రాడ్డు కొసలను ఆనించే మొనలు) మధ్య రాడ్డు పట్టి, రెండు కొసలూ కోసి కొలిచి, పక్క స్క్రూలతో జరిపాను. అరగంట పని.

కొత్త కాంక్రీటు, కొత్త పోత ఇనుము రెండూ కొన్నాళ్లు సర్దుకుంటాయి. వారానికి, నెలకు, వానలు పడ్డాక మళ్లీ చూశాను. వానల తర్వాత హెడ్ స్టాక్ దగ్గర బుడగ 6 గీతలు వెనక్కి జరిగింది, టెయిల్ స్టాక్ దగ్గర కూడా 6. కాలర్లు కోసి చూస్తే తేడా 0.005. స్పానర్ తీయలేదు.