రంగు చూడలేని విద్యార్థికి టైట్రేషన్ పాఠం

హైదరాబాదులో డిగ్రీ విద్యార్థుల కోసం ఆన్‌లైన్ రసాయనశాస్త్ర పాఠాలు రూపొందించే పనిలో ఉన్నందువల్ల ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. వైకల్యమున్న విద్యార్థుల అవసరాలను పాఠం తయారయ్యాక ఆలోచిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆ పాఠం ద్వారా ఏమి నేర్పాలో నిర్ణయించుకునేటప్పుడే వాటినీ ఆలోచించాలి.

ఆమ్ల-క్షార టైట్రేషన్‌నే, అంటే గాఢత తెలిసిన క్షారాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ ఆమ్లం గాఢతను కనుక్కునే ప్రయోగాన్నే, తీసుకుందాం. ఫినాఫ్తలీన్ అనే రంగు మారే సూచిక కలిపిన ఆమ్లంలోకి బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి క్షారం చుక్కచుక్కగా పడి, ద్రావణం లేత గులాబీ రంగుకు తిరగగానే అంతిమ బిందువు వచ్చిందంటాం. ఇక్కడ విద్యార్థి నేర్వవలసింది రంగును గుర్తుపట్టడమా, లేక ఆమ్లానికి సరిగ్గా సరిపడా క్షారం చేరిన తుల్య బిందువు దగ్గర పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో తెలిపే సంఖ్య) ఒక్కసారిగా ఎందుకు ఎగబాకుతుందో గ్రహించడమా? రెండోదే ముఖ్యమని ఒప్పుకుంటే, పీహెచ్ విలువను అంకెల్లో ఇచ్చి, అది పెరిగేకొద్దీ ధ్వని స్థాయి కూడా పెరిగేలా సిమ్యులేషన్‌ను, అంటే ప్రయోగాన్ని తెరపై అనుకరించే ప్రోగ్రామును, తయారుచేయవచ్చు. అప్పుడు చూపులేని విద్యార్థి ఆ హఠాత్తు మార్పును చెవితో పట్టుకోగలుగుతాడు. నిజానికి, కళ్లున్నవారు కూడా పీహెచ్ గ్రాఫులో ఆ మార్పును చూపే నిటారు గీత అర్థాన్ని మరింత బాగా గ్రహిస్తారని నా నమ్మకం. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ అనే సైన్స్ సిమ్యులేషన్లలో కొన్నింటిని కీబోర్డుతోనే నడపవచ్చు. వాటిలో ధ్వనులూ, మాటలతో వర్ణనలూ ఉన్నాయి.

తెలుగు పాఠాలకు మరో చిక్కు ఉంది. అను ఫాంట్లలో కూర్చిన నోట్సు మన కంటికి చక్కగా కనిపించినా, అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తించే అక్షర సంకేత పద్ధతి) కాదు గనుక స్క్రీన్ రీడర్ (తెరపై ఉన్నదాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్) దాన్ని అర్థంలేని అక్షరాలుగా చదువుతుంది. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తెలుగు చదవగలదు, కానీ మనం ఇచ్చేది యూనికోడ్ పాఠ్యమై ఉండాలి. సమీకరణాలను ఫొటోలుగా అతికించకుండా మ్యాథ్‌ఎంఎల్‌లో (వెబ్‌పేజీల్లో గణితాన్ని అక్షరరూపంలో రాసే పద్ధతి) రాయాలన్నదీ ఇందుకే.

వీడియోలకు యంత్రం ఇచ్చే క్యాప్షన్లను (తెరపై కనిపించే మాటలను) మనిషి సరిదిద్దక తప్పదు. మోలారిటీ (లీటరు ద్రావణంలోని మోల్‌లు), మోలాలిటీ (కిలో ద్రావణికి మోల్‌లు) తారుమారైతే లెక్కే మారిపోతుంది. వీడియోలోని మాటల పూర్తి పాఠ్యం కూడా ఇస్తే, వినికిడి లోపమున్నవారికే కాక, అమీర్‌పేట హాస్టల్ గదుల సందడిలో ఫోన్‌లో చదువుకునేవారికీ మేలు. భారతీయ సంజ్ఞాభాషలో పెరిగినవారికి మాత్రం క్యాప్షన్లు చాలవు, ఆ భాషలోనే వివరణ కావాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) వంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. అలాంటివారికి చదవడానికి ఎక్కువ సమయం పట్టవచ్చు. కాబట్టి క్విజ్‌లో సమయ పరిమితి అవసరమా అని ముందే ప్రశ్నించుకోవాలి. పాఠాన్ని విడుదలకు ముందు వైకల్యమున్న విద్యార్థులతోనే పరీక్షింపజేసి, ఆ శ్రమకు తగిన పారితోషికాన్ని కోర్సు ఖర్చులోనే చూపించాలి.