ఘాట్ రోడ్డులో గీత

మంగళవారం, రాత్రి

అక్క, అక్క కొడుకు, నేను కొండకు పోయొచ్చాం. దర్శనం నాలుగు గంటల్లో అయింది. మా లెక్కన అది తొందరే.

దిగే బస్సులో వాడికి కిటికీ సీటు ఇచ్చి, కొండను కోసిన చోట "అదిగో, ఆ గీత చూడరా" అన్నాను. కింద గ్రానైటు, ఆర్కియన్ కాలం నాటిది, 250 కోట్ల ఏళ్ళకు పైబడిందే. దాని మీద అట్టలు పేర్చినట్టు నగరి క్వార్ట్‌జైటు, అంటే గట్టిపడిన ఇసుకరాయి. మధ్యలో పదుల కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు గల్లంతు. ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివిన పాపానికి, ఈ దారిలో వేరే ఏదీ కనపడదు నాకు.

"యురేనియం వెతికేవాళ్ళు ఇలాంటి గీతలు పట్టుకునే తిరుగుతారు" అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు.

ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో యురేనియం కరిగి ఇసుకరాయి పొరల్లో ప్రయాణం చేస్తుంది. అడుగున పాత రాయి పగుళ్ళలో గ్రాఫైటు లాంటిది తగిలితే విడిపోయి పేరుకుంటుంది. అక్క వాంతులకని సంచిలో పెట్టుకున్న నిమ్మకాయ తీసి, "పాలలో ఇది పిండితే విరగదూ, అట్లా" అన్నాను. కెనడాలోని అథబాస్కాలో అట్లా పేరుకున్నదే సిగార్ లేక్ గనిలోని యురేనియం. అక్కడ క్వింటాలు ఖనిజంలో పది కిలోలకు పైనే యురేనియం. మన కడప బేసిన్‌లో నల్గొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు ఈ గీత తరహావే. తుమ్మలపల్లె యురేనియం గని కథ వేరు. అక్కడ అది డోలోమైటు అనే సున్నపురాయి లాంటి రాతి పొరలోనే ఉంది, క్వింటాలుకు వంద గ్రాములు కూడా రాదు. పైగా యురేనియాన్ని కరిగించి తీయడానికి యాసిడ్ పోస్తే డోలోమైటు దాన్ని తాగేస్తుంది కాబట్టి క్షారంతో తీయాలి.

"అయితే ఈ కొండ కిందా ఉందా మామా?"

"స్వామి కొండ మీద అవేం మాటల్రా!" అక్క.

గీత ఒక్కటే ఉంటే చాలదు, గ్రాఫైటు కావాలి, పగుళ్ళు కావాలి అన్నాను. మామూలు గ్రానైటులోనూ టన్నుకు నాలుగైదు గ్రాములు ఉంటుంది. ఫీల్డ్ ట్రిప్‌లో రేడియేషన్ కొలిచే కౌంటర్ క్వార్ట్‌జైటు మీద కంటే గ్రానైటు మీద ఎక్కువ టిక్కుమంటే మేం ఎగిరి గంతేశాం. సారు నవ్వి, "ఇళ్ళకు గచ్చు వేసుకునే రాయిరా అది" అన్నాడు.

ఇంకా చెప్పేవాణ్ణే. మూడో మలుపులో వాడి మొహం తెల్లబోయింది. అక్క నా చేతిలోంచి నిమ్మకాయ లాక్కుని వాడి ముక్కు దగ్గర పెట్టింది. అలిపిరి దాకా కళ్ళు తెరవలేదు వాడు.