నాన్న మాత్ర, జిమ్మీ కాళ్లు

మా జిమ్మీ లాబ్రడార్ కుక్క. వచ్చే సంక్రాంతికి పదకొండేళ్లు నిండుతాయి. పోయిన ధనుర్మాసం నుంచీ నేను మేడ మెట్లెక్కుతుంటే వెంట రావడం మానేశాడు. కింది మెట్టు దగ్గరే కూర్చుని చూసేవాడు. "వయసొచ్చింది కదమ్మా, బద్ధకం" అన్నారు నాన్న. నేనూ అదే అనుకున్నాను. మూలగడు, కుంటడు, అన్నం మానడు. ఇంకేం అనుమానం వస్తుంది?

ఒకరోజు పొద్దున్న కాఫీ గ్లాసుతో హాల్లో కూర్చుని, వాడు లేవడం మొదటిసారి సరిగ్గా చూశాను. ముందుకాళ్లు ఊని ఛాతీ లేపాడు. వెనక కాళ్లు టైల్స్ మీద చెరో పక్కకీ జారిపోయాయి. కూలబడ్డాడు. మూడోసారికి లేచి, బిగుసుకున్న కాళ్లతో నాలుగడుగులు వేసి, తర్వాత ఏమీ ఎరగనట్టు నడిచాడు. నాన్న కుర్చీలోంచి లేచేదీ అచ్చం ఇలాగే.

ఎక్స్‌రేలో రెండు తుంటి కీళ్లూ అరిగాయని తేలింది. "ఇంట్లో మాత్రలేమైనా వేశారా?" అన్నారు డాక్టరుగారు. అమ్మ నాన్న వంక చూసింది. ముందురోజు రాత్రి ఆయన తన మోకాళ్ల మాత్ర, డైక్లోఫెనాక్, సగం విరిచి పెరుగన్నంలో పెడదామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, బతికిపోయాం. మనం వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ మాత్రే ప్రాణం మీదికి తెస్తుంది. అన్నట్టు, పశువులకు డైక్లోఫెనాక్ ఇవ్వడాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు, ఆ పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. దాని బదులు పశువులకు వచ్చిన మెలాక్సికామే ఇప్పుడు జిమ్మీ మందు. రక్తపరీక్షలో కిడ్నీలు, లివరు బాగున్నాయని చూశాకే, బరువును బట్టి మోతాదు రాసి, తిండి తిన్నాక వేయమన్నారు. వాంతులైనా, మలం నల్లగా వచ్చినా ఆపేసి ఫోన్ చేయాలట.

పోనీ నొప్పుల తైలం రాస్తానంది అమ్మ. వాడు నాకకుండా ఉంటాడా? అందులో కర్పూరం కుక్కకు విషం.

మందు కన్నా పెద్ద గొడవ బరువు. 38 కిలోలున్నాడు. అమెరికాలో 48 లాబ్రడార్లను చిన్నప్పటి నుంచి చివరిదాకా గమనిస్తే, పాతిక శాతం తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బూ వాటికి ఆలస్యంగా వచ్చింది. ఇది చదివి వినిపిస్తే అమ్మ "పాపం, ఆ కుక్కలు" అంది. నెయ్యన్నం మాన్పించడానికి నెల పట్టింది.

టైల్స్ మీద ముందు గోనెపట్టాలు పరిచాను. వాడితోపాటు అవీ జారాయి. తర్వాత రబ్బరు మ్యాట్లు కొని వంటింటి దాకా వేశాను, గోళ్లు కత్తిరించాం. సాయంత్రం ఒక్క పెద్ద నడక తీసేసి, రోజుకి మూడు చిన్నవి చేశాం. ఇప్పుడు ఒక్క ఊపులో లేస్తున్నాడు. మెట్లు మాత్రం ఎక్కడు, మేమూ ఎక్కనివ్వం.

పక్కింటి పిల్లి కూడా ఈమధ్య గోడెక్కడం మానేసింది. ఒళ్లు నాక్కోవడం తగ్గి వీపు మీద బొచ్చు ఉండలు కట్టింది. "ముసలిదైపోయింది" అంటారు ఆంటీ. ఒకసారి డాక్టరుకి చూపించమని చెప్పాను.

నెలకోసారి జిమ్మీని వీధి చివర బియ్యం కొట్టు కాటా ఎక్కిస్తాం. మొన్న 33.4 చూపించింది. కొట్టాయన చీటీ మీద రాసిచ్చి, "నాలుగున్నర కిలోల నెయ్యి మిగిలినట్టే మేడం" అన్నాడు.