ఘాట్‌లో మాడువాసన

నిన్న తిరుమల నుంచి దిగుతుంటే ముందు కారు చక్రాల మాడువాసన గుప్పుమని కొట్టింది. వెనక ఎర్ర లైట్లు ఆరితే ఒట్టు, అంతసేపూ బ్రేక్ మీదే కాలు! సెకండ్ గేర్‌లో దిగితే ఇంజనే బండిని పట్టుకుంటుంది, మలుపు ముందు గట్టిగా నొక్కి వదిలేస్తే మళ్లీ నొక్కేలోపు చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్క్‌కి గాలి తగిలి కాస్త చల్లారుతుంది. నొక్కిపట్టే ఉంచితే వేడి ఆ డిస్క్‌ని ఒత్తిపట్టే ప్యాడ్ల నుంచి, పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్‌కి ఎక్కుతుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తేమ పీల్చుకున్న పాతదైతే 155 దగ్గరే మరగొచ్చు, ఆవిరి బుడగలు చేరాయంటే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్పించండి, ప్లీజ్. కాలిన డిస్క్ మీద నీళ్లు మాత్రం పోయొద్దు, వంకరపోతుంది, పగలొచ్చు కూడా. చదునైన చోట ఆపి, గేర్‌లో పెట్టి, పెడల్ మీంచి కాలు తీసేసి చల్లారనివ్వండి.