చంద్రగిరి గంట, శ్రీవారి మెట్టు

తిరుపతిలోనే పుట్టి పెరిగినా చంద్రగిరి కోటను నేను నింపాదిగా చూసింది మొన్న కార్తీకంలోనే. తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో అమ్మకు మొక్కు ఉంది. ముందురోజు సాయంత్రం కోట చూసి, మర్నాడు పొద్దున్నే కొండ ఎక్కుదామనుకున్నాం.

రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. బయట ఎండ ఇంకా చురుక్కుమంటున్నా లోపల చల్లగా ఉంది. 1485లో విజయనగర సింహాసనం ఎక్కకముందు సాళువ నరసింహరాయలు ఏలింది ఈ చంద్రగిరి నుంచే. తర్వాత విజయనగరాన్ని చివర ఏలిన అరవీటి రాజులకు ఇది రాజధాని కూడా అయింది. మద్రాసులో కోట కట్టుకోవడానికి 1639లో ఈస్టిండియా కంపెనీకి స్థలం దొరికింది వాళ్ల కాలంలోనే.

అమ్మకు ఈ లెక్కలేవీ పట్టలేదు. మహల్ ముందు పచ్చిక మీద నిలబడి శేషాచలం వైపు చెయ్యి చూపించింది. "కొండపైన స్వామికి నైవేద్యం అయ్యేదాకా రాజు అన్నం ముట్టేవాడు కాదంట నాయనా. పైన గంట కొడితే, అది విని దారిలో ఇంకోచోట కొట్టేవాళ్లంట. అట్లా అట్లా ఇక్కడిదాకా వినిపించేదంట." మా ఇళ్లలో అందరూ చెప్పుకునే కథే. కానీ ఆ గోడల పక్కన నిలబడి వింటే ఒళ్లు పులకరించింది.

మర్నాడు శ్రీనివాస మంగాపురంలో కల్యాణ వెంకటేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని మెట్ల దగ్గరికి చేరాం. మొత్తం 2,388 మెట్లు. కొండకు ఇంకో నడకదారి అయిన అలిపిరిలో 3,550 ఉన్నా అది తొమ్మిది కిలోమీటర్లు సాగుతుంది కాబట్టి మధ్యమధ్య ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడ దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, అందుకే ఎక్కుడు నిటారుగా ఉంటుంది. అమ్మ ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి కుంకుమ పెడుతోంది. పొట్లాలు పట్టుకుని నేను వెనకాల. సగం దారిలో నాకు పిక్కలు పట్టేశాయి. "కూర్చుంటే ఇంకా పట్టేస్తాయి, మెల్లగా నడువు" అంది, వంగిన నడుము ఎత్తకుండానే.

కాళ్లు కాస్త సర్దుకునేవరకు దారి పక్కనున్న ఎర్రచందనం చెట్టును చూస్తూ నిలబడ్డాను. నల్లటి బెరడు, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంది. కింద రాలిన కాయ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. రూపాయి బిళ్లలా గుండ్రం, చుట్టూ కాగితమంత పల్చటి రెక్క, నడుమ గింజ ఉన్నచోట చిన్న ఉబ్బు. ఎంతో నెమ్మదిగా పెరిగే ఈ చెట్టుకు సొంత అడవి అంటూ ఉన్నది తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. మనకు ఇంటి వెనకాల అడవి. దీన్ని దొంగచాటుగా నరికి అమ్ముకునేవాళ్లను తలుచుకుంటే కడుపు మండిపోతుంది. కాయను మళ్లీ మట్టిలోనే పెట్టేశాను.

పైకి చేరేసరికి పదకొండు దాటింది. అప్పటిదాకా అమ్మ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు, బిస్కెట్లు ఇచ్చినా వద్దంది. గుళ్లోకి వెళుతుంటే ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ శ్రీకృష్ణదేవరాయల విగ్రహం కనిపించింది. "ఈయనా మెట్లెక్కి వచ్చినోడే" అని అమ్మ ఆయనకు కూడా దణ్ణం పెట్టింది.

దర్శనం అయి బయటికొచ్చాక, పసుపు ఇంకా వదలని వేళ్లతో లడ్డూ విరిచి సగం నా చేతిలో పెట్టి, మిగతా సగం అప్పుడు నోట్లో వేసుకుంది.