నవల చదువుతుంటే నాకు బొమ్మ పడదు

నవలలో రెండు పేజీల సూర్యాస్తమయం వస్తే గబగబా దాటేస్తాను, మళ్ళీ ఎవరు ఎప్పుడు నోరు విప్పుతారా అని. రచయిత మీద కోపమేం లేదు. ఎంత గొప్ప వర్ణనైనా నా బుర్రలో బొమ్మ పడదు, అంతే. హీరోయిన్‌ది కోలమొహమా, గుండ్రటి మొహమా అని పుస్తకం మూశాక అడిగితే తెల్లమొహం వేస్తాను. ఆమె ఎవరి మాటకి నొచ్చుకుందో, ఏ అబద్ధం ఎందుకు ఆడిందో మాత్రం పూసగుచ్చినట్టు చెప్తాను.

దీనికి ఎఫాంటేసియా అని పేరు పెట్టింది 2015లో, న్యూరాలజిస్టు ఆడం జెమన్, ఆయన సహచరులు. సంగతి మాత్రం పాతదే. ఆ పూట టిఫిన్ చేసిన బల్లని మనసులో చూసి వెలుతురు, రంగులు ఎలా ఉన్నాయో చెప్పమని ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చాలామందిని అడిగాడు. 1880లో ఆ ఫలితాలు అచ్చువేస్తూ, మొదట తానడిగిన శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అసలు అలాంటి బొమ్మలే ఎరగమన్నారని రాశాడు.

చైతన్య స్రవంతి నవలలంటే, అదే, పాత్ర మనసులో పారే ఆలోచనల్నే కథగా నడిపే నవలలంటే నాకు ప్రాణం. 1969లో వచ్చిన 'అంపశయ్య' అంతా ఒక విద్యార్థి బుర్రలో ఒక్క రోజు. కానీ ఇలాంటి నవలని ఎవరైనా "మనసు అచ్చం ఇలాగే నడుస్తుంది" అని మెచ్చుకుంటే మాత్రం ఒప్పుకోను. నవలకి మాటలు తప్ప గతి లేదు. మనసుకి ఆ ఖర్మ ఏం పట్టింది?

రసెల్ హర్ల్‌బర్ట్ అనే సైకాలజిస్టు దశాబ్దాలుగా చేస్తున్న పని చూడండి. మన దగ్గర ఒక బీపర్ ఉంటుంది. ఎప్పుడు మోగుతుందో తెలీదు. మోగగానే, సరిగ్గా దానికి ముందు క్షణం మనసులో ఏముందో రాసుకోవాలి. తర్వాత ఆయన కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడుగుతాడు. "నాలో నేను ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాను" అని ఢంకా బజాయించిన వాళ్ళలోనూ కొందరికి ఆ మాటలు దాదాపు దొరకవు. మాటా బొమ్మా ఏమీ లేని ఉత్త ఆలోచన కూడా తరచూ కనిపిస్తుందంటాడు ఆయన. ఇదంతా నమ్మొచ్చా అని ఎరిక్ ష్విట్జ్‌గెబెల్ అనే తత్వవేత్తకి అనుమానం. ఆ అనుమానంతోనే హర్ల్‌బర్ట్‌తో కలిసి 2007లో ఒక పుస్తకం రాశాడు! ఇలాంటి తగవులంటే నాకు భలే ముచ్చట.

చైతన్యం ఊసెత్తితే చాలు, తత్వవేత్త థామస్ నేగెల్ 1974లో రాసిన గబ్బిలం వ్యాసం పట్టుకొస్తారు. దాని శరీరం గురించి ఎంత తెలిసినా గబ్బిలంగా బతకడం ఎలా ఉంటుందో మనకి తెలీదని ఆయన వాదన. బాగానే ఉంది, కానీ గబ్బిలం దాకా ఎందుకండీ? నేను చదివిన నవలే నా స్నేహితురాలూ చదువుతుంది, తనకి పాత్రలన్నీ చొక్కా రంగుతో సహా కనిపిస్తాయి. అందుకే నచ్చిన నవల సినిమాగా వస్తుందంటే తనకి టెన్షన్. హీరోని చూడగానే "వీడా!" అంటుంది, ఇక సినిమా అయ్యేదాకా సణుగుడే. నాకా బాధ లేదు. ఎవర్ని పెట్టినా సరే, డైలాగుల జోలికి పోకపోతే చాలు.